కీబోర్డు ఆగిన ఆదివారం

ముందే చెప్పేస్తాను, ఈ కథలో తప్పు నాది. చివరిదాకా చదివించి అప్పుడు తల దించుకోవడం నాకు చేతకాదు.

ఆ వేసవి ముప్పై ఎనిమిది రోజులు మా లాండ్రీ ఆగిపోయింది. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు లారీలకు లారీలు వస్తాయి మాకు. లోపల ఆవిరి తిరిగే పెద్ద రోలర్ ఒకటుంది. దాని కిందికి తడి దుప్పటి పోతే అటువైపు పొడిగా, ఇస్త్రీ అయి వస్తుంది. ఇటువైపు ఇద్దరు ఆడవాళ్లు చెరో కొస పట్టుకుని, ముడత లేకుండా లాగి, రోలర్‌కు అందించాలి. చేతులు లోపలికి పోకుండా అడ్డంగా ఒక ఇనప కడ్డీ ఉండేది. కడ్డీ వల్ల పని నెమ్మదిస్తోందని మేనేజరు దాన్ని ఊడబీకించాడు. పదో రోజుకల్లా కొత్తగా చేరిన ఒకావిడ చెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. మేనేజరు వచ్చి ముందు దుప్పటి పాడైందేమో చూశాడు.

ఆ పూటే పని ఆపించాను. టిఫిన్ డబ్బా మూతతో బల్లల మీద కొట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను, అంతే. లాండ్రీలో నన్ను మైకక్క అంటారు, మైకు అక్కర్లేని గొంతు కాబట్టి. అయిదో తరగతితో బడి మానేశాను. కరపత్రాలు పట్టుకుని చదువు నేర్చుకున్నాను, గేటు ముందు నిలబడి మాట నేర్చుకున్నాను. నోరు మూసుకున్నంత కాలం వాడిదే రాజ్యం, తెరిస్తే మనది. నాకు తెలిసింది అదొక్కటే. ఏ తాళానికైనా అదే తాళంచెవి అనుకున్నాను.

రోలర్ దగ్గర నా జోడీ వదిన. చుట్టరికం ఏమీ లేదు. చెరో కొసా పట్టుకుని పన్నెండేళ్లు నిలబడితే అదే చుట్టరికం అవుతుంది. ఇద్దరికీ ఒక్కో కొడుకు. ఒకరికైనా ఆడపిల్ల పుట్టి ఉంటే వియ్యపురాళ్లం అయ్యేవాళ్లం కదే అని నేనంటే, దేవుడు నా మొర విన్నాడు, నీతో వియ్యమా అనేది. ఆవిడ వేసే జోకులు అలాగే ఉండేవి, సగం గొంతుతో, దుప్పటి వైపు చూస్తూ. మీటింగులో చెయ్యెత్తమంటే మోచేతి దాకానే ఎత్తేది. నోరు బీరువాలో పెట్టి తాళం వేసొచ్చావా వదినా అని నలుగురిలో ఎగతాళి చేసేదాన్ని. నవ్వి ఊరుకునేది. మోకాళ్ల నొప్పులు పాపం. గురువారం గురువారం సాయంత్రం మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లేది. మర్నాడు బరువు దుప్పట్లు నేనే ఎత్తేదాన్ని.

మాది ఒకే సంఘం. అంటే చర్చి సంఘం. గేటు ముందున్న దాన్ని నేను యూనియన్ అనే అంటాను, కలిపేసుకోకండి. టైర్ల గోడౌను పైన పొడుగాటి హాలు. ఎండాకాలం కింది నుంచి రబ్బరు వాసన పాటల్లోకి వచ్చేది. వదిన భర్త ఆ సంఘంలో పెద్ద. వాళ్ల కొడుకు సంఘం నడిపే బడిలో లెక్కలు చెబుతాడు, ఆదివారం కీబోర్డు వాయిస్తాడు. అందరికీ మాస్టారే. మావాడు కళ్లద్దాల కొట్లో అద్దాలు అరగదీసే పని చేస్తాడు, ఆదివారం పాటల జట్టులో పాడతాడు. మా ఆయన పోయాక నాకున్నది వాడొక్కడే.

సమ్మె మొదలైన పన్నెండో రోజు, మిట్టమధ్యాహ్నం మావాడు ఇంటికొచ్చాడు. నేను వంటగదిలో నేల మీద అట్టలు పరిచి అక్షరాలు రాస్తున్నాను. వాడు చొక్కా చేతులు మడిచి, నా పక్కన చతికిలబడి, ఇంకో కుంచె తీసుకుని నేను గీసిన గీతల్లో ఎర్రరంగు నింపడం మొదలుపెట్టాడు. చిన్నప్పట్నుంచీ అంతే, కష్టమైన మాట ఏదైనా ఉంటే చేతికి పని దొరికేదాకా ఆగుతాడు.

పెళ్లి మాట ఇంక ఎత్తొద్దమ్మా అన్నాడు. ఇప్పుడొద్దా అన్నాను. ఎప్పుడూ వద్దన్నాడు. కాసేపు రంగు నింపాడు. తర్వాత తలెత్తకుండానే చెప్పాడు. అమ్మాయిల మీద వాడికి ఎప్పుడూ మనసు పోలేదట. ఒకతన్ని ప్రేమిస్తున్నాడట. నాలుగేళ్లయిందట.

నాకు రెండు నిమిషాలు పట్టింది. గొప్ప కోసం చెప్పట్లేదు, ఆ రెండు నిమిషాలూ నాకింకా సిగ్గే. ఆ రెండు నిమిషాల్లో వాడి చేతిలో కుంచె జారి ఎరుపు గీత దాటిపోయింది. అది చూశాక నాకింక ఆలోచించాల్సిందేమీ కనపడలేదు.

"మంచివాడేనా?" అన్నాను.

వాడు మొహం మోచేతిలో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నాకంటే నెమ్మదస్తుడమ్మా అన్నాడు. నీకంటే నెమ్మదస్తుడంటే రాయి అయ్యుండాలిరా అన్నాను. ఎవరని అడిగాను. అది తానొక్కడే చెప్పే సంగతి కాదన్నాడు, అతను కూడా సరేననాలన్నాడు.

"ఒక్కటే అడుగుతున్నానమ్మా. నేను చెప్పేదాకా ఎవరికీ చెప్పకు. నీ సంగతి నీకు తెలుసుగా."

మాటిచ్చాను. చేతిలో చెయ్యి వేసి ఇచ్చాను, ఇద్దరి చేతులకూ రంగే. వాడు కొట్టుకు వెళ్లిపోయాక ఆ అట్టల మధ్యే మోకరించాను. ప్రభువా, వీణ్ణి చేసింది నువ్వే, నీకు తెలియనిది వీడిలో ఏముంది, నాకు తెలియాల్సినంత తెలియజేశావు, చాలు అన్నాను. అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ చెయ్యలేదు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారమే పాస్టరుగారు మొదలుపెట్టారు. పక్క పేట సంఘంలో ఇద్దరు మగపిల్లల సంగతి బయటపడిందట. ఆయన కేకలు వేసే మనిషి కాదు. దుఃఖంగా, మెత్తగా చెబుతారు, అందుకే లోతుగా దిగుతుంది. మన ఇళ్లలోకి ఈ రోగం రాకుండా కాపలా ఉండాలన్నారు. ఆ మరుసటి ఆదివారం ఇంకో మెట్టు ఎక్కారు. మీ పిల్లల మీద అనుమానం ఉంటే చీటీ మీద పేరు రాసి తెండి, వచ్చే వారం ఉపవాసం ఉండి పేరుపేరునా ప్రార్థిద్దాం అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను మావాడి వైపు చూశాను. తర్వాతి పాటలో వాడి పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం రావట్లేదు. తల్లికి తెలుస్తుంది, ఏ గొంతు లేదో.

నాకు కడుపు రగిలిపోయింది. చీటీలట. మేనేజరు కూడా అదే చేశాడు. గేటు దగ్గర ఎవరెవరు కూర్చుంటున్నారో పేర్లు రాసి ఇమ్మన్నాడు. నాకు రెండు చీటీలూ ఒకలాగే కనపడ్డాయి.

మర్నాడు గేటు దగ్గర చెయ్యి కాలినావిడ మొదటిసారి నిలబడి మాట్లాడింది. కట్టు విప్పి చెయ్యి చూపించింది. మేనేజరు మనుషులు కళ్లు తిప్పుకున్నారు. లోపలికి పనికి పోదామని వచ్చిన నలుగురు వెనక్కి తిరిగి మా పక్కన కూర్చున్నారు. నేను వదిన భుజం మీద చరిచి, చూశావా, నోరు విప్పితే ఏమవుతుందో అన్నాను.

వదిన ఆ చేతి వైపే చూస్తోంది. "ఆవిడ చెయ్యి ఆవిడది వదినా," అంది. "ఆవిడ నోరూ ఆవిడదే."

ఎప్పుడూ ఉండే పిరికి మాటే అనుకున్నాను. వినలేదు.

మూడో ఆదివారం హాలు నిండా జనం. బల్ల మీద చీటీల కోసం ఒక అట్టపెట్టె పెట్టారు. మా సంఘంలో పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. చెబుతున్నంతసేపూ వెనక నుంచి మాస్టారు కీబోర్డు సన్నగా మోగిస్తూనే ఉంటాడు, మాట తడబడినా ఖాళీ తెలియకుండా. ఎవరు ఏ మాట దగ్గర ఏడుస్తారో ముందే తెలిసినట్టు వాయిస్తాడు. మా ఆయన పోయినప్పుడు నేను సాక్ష్యం చెబితే, నా మాటల కంటే ఆ వాయింపే ఎక్కువ చెప్పింది.

నేను లేచాను. వదిన పక్కనే కూర్చుని ఉంది. ఎందుకో నా కొంగు పట్టుకుంది. గుడ్డ ఎక్కడో చిక్కుకుందనుకుని లాక్కున్నాను.

ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. ఎప్పుడూ అనుకోను. మీ అట్టపెట్టెలో వెయ్యడానికి నా దగ్గర చీటీ లేదు, నోరుంది అన్నాను. కీబోర్డు మెత్తగా మొదలైంది.

"నా కొడుకు ఒక మగపిల్లవాణ్ణి ప్రేమిస్తున్నాడు. నాతో చెప్పాడు. దేవుడు నాకు చేసిన మేలు అదే, నా కొడుకు నాకు అబద్ధం చెప్పలేదు. ఆ పిల్లవాడు ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, మొన్నటిదాకా నాకు ఒక్కడే కొడుకు, ఇవాళ ఇద్దరు. నా ఇంటి తలుపు తీసే ఉంది."

ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. ఉన్నట్టుండి నా గొంతు నాకే మరీ పెద్దగా వినపడింది. ఏం తేడా వచ్చిందో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, కీబోర్డు ఆగిపోయింది.

నా వైపు తిరిగి ఉన్న తలలు ఒక్కొక్కటీ కీబోర్డు వైపు తిరిగాయి. మాస్టారి చేతులు మీటల మీదే ఉన్నాయి. వేళ్లు లేవట్లేదు. పాటల జట్టులోంచి మావాడు అతని వైపు చూశాడు. ఆ చూపు చూశాక ఎవరికీ ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. నాకు కూడా.

ఆమేన్ అని కూర్చున్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. వదిన తన బైబిలు మూసి, సంచిలో పెట్టుకుని, జిప్పు చివరిదాకా లాగింది.

మావాడు ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అరుస్తాడని కాచుకుని కూర్చున్నాను. అరుపు నాకు అలవాటే, దానికి ఎదురు చెప్పగలను. వాడు అరవలేదు. మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుకుంటూ సంగతులు చెప్పాడు, పత్రిక చదువుతున్నట్టు. మాస్టారిని వాళ్ల నాన్న, ఇద్దరు బాబాయిలు అక్కణ్ణుంచి అటే వ్యానులో ఎక్కించుకెళ్లారట. కొండ అవతల ఎక్కడో ఉపవాస ప్రార్థనల ఇల్లు ఒకటుందట. నలభై రోజులు ఉంచుతారట. ఫోను తీసేసుకున్నారట. బడివాళ్లు రేపటి నుంచి రావద్దని వాళ్ల నాన్నతోనే చెప్పి పంపారట.

నేను భయం పోగొడదామనుకున్నానురా అన్నాను.

"నాకు భయం లేదమ్మా," అన్నాడు. "జాగ్రత్త ఉండేది. అది పోయింది."

ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడని చెప్పలేను. వస్తున్నా అనేవాడు, వెళ్తున్నా అనేవాడు, కూర బాగుంది అనేవాడు. పొద్దున కొట్టుకు వెళ్లి, మధ్యాహ్నం సెలవు పెట్టి కొండ అవతలికి బస్సెక్కి, గేటు దాకా వెళ్లి, లోపలికి రానివ్వక తిరిగొచ్చేవాడు. అది కూడా వాడు చెప్పలేదు, ప్యాంటుకు అంటిన ఎర్రమట్టి చెప్పింది.

వదిన మూడు రోజులు గేటు దగ్గరికి రాలేదు. నాలుగో రోజు వచ్చి, టెంటు కింద నా పక్కన కాకుండా ఎదురుగా కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు నీళ్లు తెచ్చుకునే నెపంతో లేచిపోయారు. నేను క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి అడ్డంపెట్టింది. అంత పైకి ఆ చెయ్యి లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు ఆరేళ్ల నుంచి తెలుసు," అంది.

నేను ఏది అన్నాను, బుద్ధి లేనిదానిలా.

నెమ్మదిగా చెప్పుకొచ్చింది. కొడుకు చెప్పక ముందే కనిపెట్టిందట. చెప్పినరోజు వాడి తల ఒళ్లో పెట్టుకుని, నాన్నకు తెలియనివ్వకు, మిగతాది నేను చూసుకుంటాను అందట. నాలుగేళ్ల కింద మావాడు వాళ్లింటికి రావడం మొదలుపెట్టాక అదీ తెలిసిందట. ఆవిడ మోకాళ్లకు ఏ నొప్పీ లేదట. గురువారం సాయంత్రాలు మొగుణ్ణి ఇంట్లోంచి తీసుకుపోవడానికి ఆస్పత్రి వరండాలో రెండు గంటలు కూర్చోబెట్టేదట, నాలుగేళ్లు. అవసరం లేని బిళ్లలు మింగేదట. ఆ రెండు గంటలు పిల్లలిద్దరూ ఇంట్లో వాళ్లకిష్టమైన పాటలు పెట్టుకుని, వండుకుని తిని, గిన్నెలు కడిగి బోర్లించి వెళ్లేవారట. గిన్నెలు అల్లుడే కడిగేవాడు, గిన్నె అడుగున మసి వదిలేస్తాడు, అందుకని తెలిసిపోతుంది అంది. మావాణ్ణి ఆవిడ అల్లుడూ అనే పిలిచేది మొదట్నుంచీ.

మాస్టారు వేరే ఊళ్లో బడిలో ఉద్యోగం మాట్లాడుకున్నాడట. ఇంకో రెండు నెలల్లో చేరాలి. మావాడూ అక్కడే పని చూసుకునేవాడట. చెరో ఉద్యోగం, ఒకే గది. కుర్రాళ్లు గది పంచుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. సెలవులకు ఇద్దరూ ఎవరింటికి వాళ్లు వచ్చిపోయేవాళ్లు. నాన్న సంచి నిండా ఏవో ఒకటి పెట్టి పంపేవాడు. అదీ ఆవిడ కట్టుకున్న లెక్క.

"వెళ్లేముందు అమ్మకు చెప్పమని అల్లుడికి నేనే చెప్పాను," అంది. "అమ్మకు చెప్పకుండా వెళ్తే నీకు పాపం చుట్టుకుంటుంది, ధైర్యంగల మనిషి, నిన్ను వదిలిపెట్టదు అన్నాను. నేనే పంపాను నీ దగ్గరికి."

పన్నెండేళ్లు బీరువా, తాళం అని ఎగతాళి చేశాను ఆవిణ్ణి. దాంట్లో నా కొడుకు కూడా ఉన్నాడని నాకు తెలియలేదు.

ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. పద, వందమందిమి వెళ్లి ఆ ప్రార్థన ఇంటి ముందు కూర్చుందాం, వదలకపోతే ఎలా వదలరో చూద్దాం అన్నాను. ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. కోపం కూడా లేదు, అలసట.

"ఇంకా సరిపోలేదా వదినా?" అంది.

లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయింది.

ముప్పై ఎనిమిదో రోజు మంగళవారం, పదకొండింటికి మేనేజరు సంతకం పెట్టాడు. కడ్డీ తిరిగి బిగిస్తామన్నాడు, కాలిన చేతికి వైద్యం తమదే అన్నాడు, ఎవరినీ పనిలోంచి తీసెయ్యం అన్నాడు. నన్ను భుజాల మీదికి ఎత్తారు. అక్కడి నుంచి చూస్తే అన్ని తలల్లో వదిన తల కనపడలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి దిగి ఇంటికి నడిచాను. మైకక్కకు గొంతు పోయింది, గెలుపు దిష్టి అన్నారు వెనక.

ఇంటి మెట్ల మీద మాస్టారు కూర్చుని ఉన్నాడు.

తొమ్మిది రోజులకే చొక్కా వేలాడుతోంది. మొక్కలకు నీళ్లు పెట్టే వేళ గోడ దూకి వచ్చేశాడట. తెల్లారి నుంచి నడుస్తూనే ఉన్నాడట. అత్తయ్యా, మా ఇంటికి వెళ్లలేను, తలుపు తీసే ఉంటుందన్నారుగా అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. నిజంగానే అది ఒక్కటే గుర్తుపెట్టుకుని వచ్చాడు. చెప్పులు గుమ్మం పక్కన జతగా విడిచి లోపలికొచ్చాడు. గంజి తాగించాను. సగం తాగి, ఇంక దిగదన్నాడు. నేను మారానని చెప్పేదాకా తిండి పెట్టరట అక్కడ. చెప్పావా నాయనా అన్నాను. మూడోరోజే చెప్పాను అత్తయ్యా, అయినా నమ్మలేదు అన్నాడు.

మావాడికి కబురు పంపాను. పరుగున వచ్చాడు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు నేను వెనక్కి తిరిగి గిన్నెలు తోముతూ ఉండిపోయాను. చాలాసేపటికి మావాడి గొంతు వినపడింది. కాళ్లు చూపించు, బొబ్బలెక్కాయా అంటున్నాడు.

గంట కాకముందే వీధిలో వ్యాను ఆగింది. పిల్లలిద్దర్నీ లోపలి గదిలోకి తోసి తలుపు దగ్గరికి వేశాను. పాస్టరుగారు, వదిన భర్త, వాళ్ల వెనక వదిన. గుమ్మంలోనే నిలబడ్డాను. వదిన భర్త కళ్లు వాచి ఉన్నాయి. ఆయన్ని దుర్మార్గుడనుకుని ద్వేషించడానికి సిద్ధమయ్యాను, కుదరలేదు.

"చెల్లెమ్మా, వాడు ఎండలో ఎక్కడ తిరుగుతున్నాడో," అన్నాడు. "తిన్నాడో లేదో. నీ దగ్గరికి వచ్చాడా?"

నా జీవితంలో అన్నిసార్లు మాట్లాడాను. ఆయనకు చెప్పాల్సినవి నాలుక చివర బారులు తీరి ఉన్నాయి. తిండి పెట్టని ఇంట్లో వదిలింది నువ్వు కాదా అనేది ముందు నిలబడి ఉంది.

"రాలేదన్నయ్యా," అన్నాను.

పాస్టరుగారు నా మొహంలోకి చూసి, పదండి, ఈవిడ కడుపులో మాట దాగదు, వచ్చుంటే ఈపాటికి వీధంతా తెలిసేది అన్నారు. నిజమే కదా. ఆ పేరే ఆ రోజు వాళ్లిద్దర్నీ కాపాడింది.

అప్పుడే వదిన చూపు కిందికి దిగింది. గుమ్మం పక్కన మట్టి కొట్టుకుపోయిన చెప్పులు. కొడుకువి. తండ్రి ఇంకా తల తిప్పలేదు, తిప్పితే గుర్తుపడతాడు. దాహంగా ఉంది, మంచినీళ్లియ్యి వదినా అంటూ వదిన మెట్టెక్కి, తన చెప్పులు అక్కడ విడిచింది. నీళ్లు గుమ్మంలోనే నిలబడి తాగింది. గ్లాసు నా చేతికిస్తూ నా వేళ్లు ఒక్కసారి గట్టిగా నొక్కింది. తర్వాత చీర కుచ్చిళ్లు కిందికి దించుకుని, కొడుకు చెప్పుల్లో కాళ్లు పెట్టి, మొగుడి వెనకే నడిచి వెళ్లిపోయింది. రెండు వేళ్ల మేర పెద్దవి ఆ చెప్పులు. ఒక్కసారి కూడా తడబడలేదు. వ్యాను దాకా చూస్తూనే ఉన్నాను.

నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోతామన్నాడు మావాడు. ఒక సంచిలో ఇద్దరి బట్టలు సర్దాడు. మాస్టారి కాళ్లకు మావాడి పాత బూట్లు. నేను అటూ ఇటూ తిరుగుతూ అక్కర్లేనివి సంచిలో పెడుతుంటే వాడు ఒక్కొక్కటీ బయటికి తీస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక, ఎక్కడికిరా అన్నాను.

వాడు సంచి కట్టడం ఆపాడు.

"అత్తయ్యకు చెబుతానమ్మా. నీకు చెప్పను."

సంచిలో పెట్టబోయిన తువ్వాలు మడిచి పక్కన పెట్టాను.

"కోపంతో కాదు," అన్నాడు. "నువ్వు నన్ను ప్రేమించవని కూడా కాదు. నాలాంటివాళ్లలో ఎంతమందికి దొరుకుతుంది, రెండు నిమిషాల్లో సరేనన్న అమ్మ. కానీ నీకు ఎవరిమీదైనా కడుపు మండిందంటే ఆ మంటలో ఏం పడుతుందో నువ్వు చూసుకోవు."

మాస్టారు నా కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. పట్టుకుని లేపాను. ఎముకలు చేతికి తగిలాయి. మావాడు గుమ్మం దాటాక తిరిగొచ్చి నా నుదురు మీద ముద్దుపెట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు, వేళకు తిను అని వెళ్లాడు. బస్టాండు దాకా రావద్దన్నాడు. వెళ్లలేదు.

వానలు పడేసరికి రోలర్‌కు కడ్డీ బిగించారు. సంఘంలో నన్ను ప్రభువు బల్లకు దూరం పెట్టారు, పశ్చాత్తాపపడేదాకా రొట్టె, ద్రాక్షరసం ఇవ్వం అన్నారు. ఎవరికి చేసిన దానికి పశ్చాత్తాపం అని అడగలేదు. వాళ్లు అడిగేది వేరు, నాకు ఉన్నది వేరు. ఆదివారం వెళ్లి చివరి వరసలో కూర్చుంటున్నాను. కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంటుంది. వదినను ఎవరూ ఏమీ అనలేదు, పెద్దగారి భార్య కదా. అయినా రొట్టె పళ్లెం తన ముందుకొస్తే తీసుకోకుండా పక్కావిడకు అందించేస్తుంది. మొదటివారం మర్చిపోయిందనుకున్నారు. వాళ్లాయన కూడా ఇప్పుడు అటు చూడటం మానేశాడు.

నా పక్కన కూర్చోవడానికి వదినకు రెండు నెలలు పట్టింది. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. పిల్లల మాట ఎత్తదు. ఆవిడ మొహం చూసి నేనే లెక్కలు కట్టుకుంటాను. ఒకరోజు, జ్వరం తగ్గిందట అంది. ఎవరికో చెప్పలేదు. ఇద్దరికీ అనుకుని ఇద్దరి కోసం ప్రార్థన చేశాను.

నిన్న పని దిగాక ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. వాన సన్నగా పడుతోంది. ఒకే గొడుగు, ఆవిడది.

"అమ్మ ఎలా ఉందని అడిగాడు అల్లుడు," అంది రోడ్డు వైపు చూస్తూ.

ఏం చెప్పావన్నాను.

"మాట్లాడటం తగ్గించిందని చెప్పాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. నమ్మలేదు."

నవ్వాడంటే ఫోను చేశాడన్నమాట, ఉత్తరం కాదు. ఏ వేళప్పుడు చేశాడో, వెనక ఏ చప్పుళ్లు వినపడ్డాయో, బస్సులా, బడి గంటా. మాస్టారికి మళ్లీ కీబోర్డు దొరికిందో లేదో. ఎక్కణ్ణుంచి అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది.

ఇవాళ బస్సు ఎందుకింత ఆలస్యం వదినా అన్నాను.

వస్తుందిలే అంది.